దేవక్క రోత

మా అమ్మ దేవక్కకు పురుగంటే రోత. భయం కాదు, రోత. భయమున్నవాళ్లు కళ్లు మూసుకుంటారు, రోత ఉన్నవాళ్లు కళ్లు తిప్పుకోలేరు. వంటింట్లో బొద్దింక కనబడితే ఆమె కేక వేయదు. గరిటె పట్టుకుని నిలబడి, అది మీసాలు ఆడిస్తూ ఏం తింటున్నదో, ఎట్లా తింటున్నదో చివరిదాకా చూసి, అప్పుడు చెప్పుతో ఒక్కటి వేసి, వాకిట్లోకి పోయి ఉమ్మి, నోరు పుక్కిలించి వస్తుంది. ఆ పూట ఆమెకు అన్నం సయించదు.

ఇట్లాంటి మనిషిని తెచ్చి పురుగులు పెంచి బతికే ఇంట్లో ఇచ్చారు. మా నాన్న కిష్టన్నది దసలి పట్టు పని. ప్రాణహిత ఒడ్డునున్న సిరొంచ నుంచి జింగనూర్ పోయే తోవలో, అడవి అంచున నల్లమద్ది చెట్లున్నాయి. వాటి మీద పట్టుపురుగులను వదిలి, అవి ఆకు మేసి కాయలాంటి పట్టుగూడు కట్టేదాకా కాపలా ఉండాలి. ఇంట్లో తట్టల్లో పెరిగే రకం కాదిది. ఎండైనా వానైనా చెట్టు మీదే. వేలెడు లావున, పచ్చగా, మెత్తగా, ఒంటినిండా బుడిపెలతో, బుడిపె బుడిపెకూ వెంట్రుకలతో ఉంటాయి. నాకు అందంగానే కనబడతాయి. అమ్మను అడిగితే, "చీమిడికి కాళ్లొచ్చినట్టు లేవా?" అంటుంది.

పెళ్లయిన కొత్తలో అత్త ఈమె అరచేతిలో ఒక పురుగును పెడితే భళ్లున వాంతి చేసుకుందట. కోడలు అప్పుడే నెల తప్పిందని అత్త ఊరంతా బెల్లం పంచిందట. నాన్న ఆ సంగతి చెప్పి ఇప్పటికీ కడుపు పట్టుకుని నవ్వుతాడు. అమ్మ నవ్వదు.

ఆమె రోతంతా పురుగు ఒంటి మీద కాదు, నోటి మీద. ఏ పురుగైనా సరే, ముందు దాని మూతి చూస్తుంది. ఇది ఆమెకు మొదటినుంచీ ఉన్నా, ముదిరింది మాత్రం నా వల్లే. నేను సిరొంచలో పదకొండో తరగతి సైన్సు చదివేటప్పుడు మా మేడం బొద్దింక మూతి విప్పి, భాగాలన్నీ అట్టముక్క మీద అంటించి, బొమ్మ వేసుకు రమ్మని ఇచ్చింది. పై పెదవి, పళ్లున్న గట్టి దవడలు రెండు, వాటి కింద తిండిని పట్టి సర్దే చిన్న దవడలు రెండు, కింది పెదవి, నడుమ నాలుక. అమ్మ బియ్యం చెరుగుతూ వంగి చూసింది.

"గింత నోట్లె గన్ని సామాన్లా?"

"ఇదే అన్నిటికీ మూలమే అమ్మా. ఇవే భాగాలు దోమలో సాగి సూదులైతయ్, ఈగలో మెత్తబడి స్పాంజైతయ్. తిండి ఎట్లుంటే నోరు అట్ల మారుతది."

"ఈగది చెప్పు."

చెప్పాను. ఈగ నమల్లేదు. బెల్లం ముక్క మీద వాలితే ముందు తన ఉమ్మి, కడుపులోని నీళ్లు దాని మీద కక్కుతుంది. అది కరిగాక మూతి చివరి మెత్తతో అద్దుకుని పీల్చుకుంటుంది. అమ్మ చేట కింద పెట్టింది. పక్కన మూత లేకుండా ఉన్న తన చాయ్‌ని తీసుకుపోయి పెంటలో పోసింది. ఆనాటి నుంచి మా ఇంట్లో నీళ్ల బిందెకు మూత, ఉప్పు డబ్బాకు మూత, మూత మీద మళ్లీ గుడ్డ. మా ఇంట్లో మూత లేనిది నాన్న నోరు ఒక్కటేనని మా బంధువులు అంటుంటారు.

ఒకసారి నాన్న ఆమెను మెప్పించాలని, "సీతాకోకచిలుకకేం రోత? చుట్ట చుట్టుకున్న గొట్టంతోని పువ్వుల తేనె తాగుతది," అన్నాడు. అమ్మ ఆయన వైపు జాలిగా చూసింది. "నువ్వు పువ్వు మీద చూసినవ్. నేను ప్రాణహిత ఒడ్డుకు బర్రె ఉచ్చ మీద చూసిన. మందలు మందలు కూసోని అదే గొట్టంతోని పీలుస్తున్నయ్." ఇక నాన్న నోరెత్తలేదు. అందులో అబద్ధం లేదు మరి. ఉప్పు కోసం అవి ఆ పని చేస్తాయి.

అమ్మ ఇంట్లో వాలనిచ్చింది ఒక్కటే, మా పట్టుకాయలోంచి బయటికొచ్చే పట్టుచిలుక. దానికి తినే నోరు ఉండదు. పురుగుగా ఉన్నప్పుడు దవడలతో కరకరా మేసిందే జన్మకంతా తిండి. రెక్కలొచ్చాక తినదు, తాగదు. జతకట్టి, గుడ్లు పెట్టి, చచ్చిపోతుంది. "గిదొక్కటే మర్యాద తెలిసింది," అనేది అమ్మ.

పోయిన ఏడు వానలు తగ్గుముఖం పట్టాక నాన్న మద్దిచెట్టు మీంచి పడ్డాడు. పురుగులను వదలడానికి ముందు చెట్ల మీది ఎర్రచీమల గూళ్లు తీసేయాలి, లేకపోతే పిల్లపురుగులను అవి బతకనివ్వవు. గూడు కోస్తుంటే చీమలు కనురెప్పను పట్టుకున్నాయి. ఎర్రచీమ దవడలు కత్తెర లాంటివి. కోసిన చోటే మళ్లీ మంటపుట్టే పులుసు చిమ్ముతుంది. నాన్న రెండు చేతులూ కంటికి తీసుకుపోయాడు, కొమ్మ వదిలేశాడు. తుంటి ఎముక విరిగింది. పట్టీ వేసి మంచం మీద పడుకోబెట్టారు.

గుడ్లు అప్పటికే పగిలి పురుగులు బయటికొచ్చాయి. ఆయన లేచేదాకా ఆగమంటే ఆగవు కదా. అమ్మ చీర దోపుకుని తోటకు పోయింది.

పురుగును చేత్తో ముట్టనని ముందే చెప్పింది. వెదురు పేడు వంచి ఒక పటకారు చేసుకుంది. ఆకులైపోయిన చెట్టు మీంచి ఆకులున్న చెట్టుకు పురుగులను మార్చాల్సి వస్తే, అందరూ కొమ్మలు కోసి చేతులతో మోసుకుపోతుంటే, ఈమె ముక్కుకు కొంగు చుట్టుకుని పటకారుతో ఒక్కొక్కదాన్నీ తీసి పెట్టేది. పక్క చెట్లవాళ్లు పొర్లి పొర్లి నవ్వారు. నవ్వనీ. ఆమె చేతిలో ఒక్క పురుగు చిట్లలేదు.

నవ్వనిది మారయ్య మామ ఒక్కడే. అమ్మ ఆయన్ను అన్నా అని పిలుస్తుంది కాబట్టి నాకు మామ. ఆ తోటకు ఆయనే పెద్ద. పూజ చేసేది ఆయన, ఎవరికి ఏ చెట్లో పంచేది ఆయన, నియమం తప్పితే అడిగేదీ ఆయనే. నియమాలు చాలా ఉన్నాయి. కాపలా ఉన్నన్నాళ్లు మాంసం ముట్టకూడదు. తలకు నూనె పెట్టకూడదు. ఆలుమగలు దూరంగా ఉండాలి. తోటలో పురుగును పురుగు అనకూడదు, లక్ష్మి అనాలి. నెలసరి వచ్చిన ఆడది, మా వైపు 'బయట ఉంది' అంటారు, గడ్డితాడు కట్టిన హద్దు దాటకూడదు. అమ్మకు ఆ వయసు దాటింది కాబట్టి తోటలోకి రానిచ్చారు. లక్ష్మి అనడం మాత్రం ఆమెకు నోరు తిరిగేది కాదు. "లక్ష్మి మీద పడ్డదన్నా, జర తీయ్," అని ఏడుపు ముఖంతో అడిగితే మారయ్య మామ మూతి ముడుచుకుని తీసేవాడు.

నేను రోజూ సద్ది తీసుకుపోయి హద్దు దగ్గర పెట్టి వచ్చేదాన్ని. ఒక రోజు నేను బయట ఉన్నాను. సద్ది తాడు ఇవతలే పెట్టి అమ్మను పిలిచాను. ఆమె చెట్టు కింద నుంచి వస్తుంటే పైనుంచి ఒక పురుగు జారి, మెడ మీద పడి, సరాసరి జాకెట్లోకి దూరింది. అంత కేక నేను నా జన్మలో వినలేదు. పాము కరిచిందనుకున్నాను. తాడు దాటి ఉరికాను. జాకెట్ విప్పి, పురుగును తీసి కొమ్మ మీద పెట్టి, కక్కుకుంటున్న అమ్మకు నీళ్లు పట్టించాను. తలెత్తి చూస్తే ఎదురుగా మారయ్య మామ పెండ్లాం రాజుబాయి, మొగుడికి సద్ది తెచ్చిన గిన్నెతో నిలబడి ఉంది.

నేను బయట ఉన్న సంగతి రాజుబాయికి ఎట్లా తెలుసంటారా? మా వాడలో బోరింగు ఒక్కటే. ఎవరు ఏ రోజు తలస్నానం చేశారో, ఎవరి పక్కబట్టలు తీగ మీద వేరుగా ఆరాయో, అక్కడ చెప్పకుండానే అందరికీ తెలుస్తుంది.

ఆ వారమే మా చెట్ల మీద పురుగులు చావడం మొదలైంది. పొద్దున చూస్తే కొమ్మకు వేలాడుతూ, నల్లబడి, ముడతలు పడి, ఒట్టి తోలు. మధ్యాహ్నానికి ఆ తోలు కూడా ఉండదు. మారయ్య మామ అందరినీ తన గుడిసె ముందు కూర్చోబెట్టాడు. రాజుబాయి చూసింది చూసినట్టు చెప్పింది. మగవాళ్లు గడ్డి పరకలు తుంచుతూ విన్నారు. నేను ఏ రోజు బయట చేరానో, ఏ రోజు తలకు పోసుకున్నానో, మా నాన్న వయసువాళ్ల ముందు లెక్క తేల్చారు. నాకు సిగ్గు వేయలేదు. రోత వేసింది. మురుగ్గుంటలో కాలు పడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"చెల్లె, నియమం తప్పింది," అన్నాడు మారయ్య మామ. "అమాస పూజ నాడు చెట్లు మళ్ల పంచుత. కిష్టన్న చెట్లు ఇంకొకలకు ఇస్త. నీ బిడ్డ ఇగ ఈ తోవ తొక్కద్దు."

ఆ చెట్లు కాగితం మీద మావి కావు, అడవివి. మా తాత ఇంకొకరి చేలల్లో కూలి చేసి చేసి, చివరికి మాది అని చెప్పుకున్నది ఆ మద్దిచెట్ల కాపలా ఒక్కటే. మారయ్య మామ మాట మీదే మావి, ఆయన మాట మీదే పోతాయి. మంచం మీదున్న నాన్న లేచి నడిచినా ఇంకో పనికి పనికిరాడని డాక్టరు చెప్పేశాడు. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట. మేమే ఇచ్చుకున్నాం పెత్తనం, మేమే కొరికించుకుంటున్నాం.

తిరుగు తోవలో అమ్మ ముందు నడిచింది. ఊరు కనబడ్డాక అన్నది, "నువ్వు ఆనాడు తాడు దాటకుంటే మంచిగుండు బిడ్డా."

"నువ్వు గూడ నమ్ముతున్నవా?"

"నమ్మిన్నో లేదో నాకే ఎర్కలేదు."

ఆ మాట మారయ్య మామ తీర్పు కన్నా లోతుగా దిగింది. ఆ రోజు నేను అన్నం తినలేదు. అమ్మ తినమని అడగలేదు కూడా.

మర్నాడు తెల్లవారుతుండగానే ఆమె తోటకు పోయింది. ఎండ ఎక్కకముందే ఫోన్ చేసింది.

"బిడ్డా, బొమ్మల చూపెట్టినవే, గుచ్చి తాగే నోరు. అది గీడున్నది. జల్ది రా."

"మరి తాడు?"

"తాడు లేదు గీడు లేదు. రా అంటున్న గదా!"

ఉరికాను. అమ్మ ఒక కొమ్మ ముందు నిలబడి ఉంది. ముక్కుకు కొంగు, కళ్ల నిండా నీళ్లు, చూపు మాత్రం కదలడం లేదు. కొమ్మ మీద మా పురుగు, వేలెడంతది. దాని వెనక గోరంత నల్లి, మంచంలోది కాదు, చెట్ల మీద తిరిగేది, గోధుమరంగుది, భుజాలకు రెండు ముళ్లున్నది. మామూలుగా కడుపు కింద మడిచి దాచుకునే మూతిని బారుగా ముందుకు చాపి పురుగు పక్కలో దించింది. పురుగు మొదట తల విదిలించింది. తర్వాత విదిలించడం మానేసింది. నల్లి తొందరపడటం లేదు. ఆ మూతిలోని సూదుల నడుమ రెండు సన్నటి దారులుంటాయి. ఒకదాంట్లోంచి ఉమ్మి లోపలికి పోతుంది. ఆ ఉమ్మికి పురుగు బతికుండగానే లోపల కరిగిపోతుంది. రెండోదాంట్లోంచి ఆ కరిగిన పులుసు నల్లి కడుపులోకి వస్తుంది. నేను బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నదే ఇది.

కాసేపటికి ఆకు కిందినుంచి ఎర్రటి నల్లిపిల్లలు గుంపుగా దిగాయి. తలా ఒక చోట మూతి గుచ్చి, కల్లుకుండ చుట్టూ కూర్చున్నట్టు కూర్చున్నాయి. పురుగు మా ముందే సన్నబడింది. పచ్చటి ఒళ్లు ముడతలు పడింది.

"కొట్టు అమ్మా! ఏం చూస్తున్నవ్?"

"ఆగు. అయిపోయినంక ఏమైతదో చూడాలె. పొద్దుగాల ఒకటి చూసిన, మళ్ల చూస్త." ఆమె ఓక్కుమంటూనే ఉంది, చూస్తూనే ఉంది. నేను ఫోన్ తీసి వీడియో పట్టాను.

నల్లి మూతి తీసేసింది. సూదిమొనంత మచ్చ మిగిలింది, అందులోంచి ఒక బొట్టు ఊరింది. ఎక్కడి నుంచో ఈగలు వచ్చి ఆ బొట్టును అద్దుకుని నాకాయి. ఈగలు ఉండగానే చీమలు వచ్చి, తోలును ముక్కలు ముక్కలుగా కోసి, బారులు కట్టి మోసుకుపోయాయి. గుచ్చే నోరు తాగింది, నాకే నోరు నాకింది, కోసే నోరు కోసింది. ఎండ ఎక్కేసరికి కొమ్మ మీద ఏమీ లేదు. ఇంతకాలం ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఇదే.

అప్పుడు అమ్మ పటకారుతో ఆ నల్లిని పట్టి రాయి మీద నలిపింది. నలిగిన వాసనకు నిజంగానే కక్కుకుంది. మూతి తుడుచుకుని నా వైపు తిరిగి, "నీ వల్ల గాదు బిడ్డా. నా నోరు పడిపోను, నిన్ను గంత మాట అన్న," అన్నది. నేను ఏడ్చాను. ఇద్దరం ఆ కంపులోనే కూర్చుని ఏడ్చాం.

మందు కొట్టడానికి లేదు, నల్లితో పాటు మన పురుగూ చస్తుంది. ఆకు ఆకు తిప్పి ఏరడం ఒక్కటే దారి. ముందు మారయ్య మామకు చూపించాలని ఫోన్ పట్టుకుని పోయాను. ఆయన వీడియో మొత్తం చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు, మళ్లీ చూశాడు. నేను గెలిచాననే అనుకున్నాను.

"వచ్చింది నల్లి. సరే," అన్నాడు. "గది గీ తోటకే ఎందుకొచ్చింది? మైల పడ్డది గాబట్టి వచ్చింది."

ఏ మాటకైనా లోపలికి దారి ఉండాలి కదా! ఎటు తట్టినా మూసుకుపోయిన గోడ. చదువుకున్న నోటితో తిట్టకూడని తిట్టొకటి పళ్ల మధ్య నలిపి మింగి వచ్చేశాను.

అమ్మ మాత్రం కోపగించుకోలేదు, అమాస దాకా చెట్లు మనవేనని నన్ను వెంటబెట్టుకుని పోయింది. రెండు రోజులు మా చెట్ల ఆకులన్నీ తిప్పి ఏరాం. ఆమె పటకారుతో, నేను చేతితో. నా కళ్లకు అవి తొందరగా కనబడేవి. నల్లి గుడ్లు ఆకు అడుగున నల్లపూసలు పేర్చినట్టు ఉంటాయి. మా చెట్ల మీది గుడ్లు చాలావరకు కొత్తవి, ఇంకా పగలనివి. "మరి పెద్దయి ఎటుకెళ్లి వచ్చినయ్?" అన్నది అమ్మ. పగిలిన గుడ్ల గుల్లలు ఎక్కడ ఎక్కువున్నాయో చూస్తూ చెట్టు చెట్టు దాటుకుంటూ పోయాం. చివరికి మారయ్య మామ చెట్ల కింద తేలాం. ఆకు తిప్పితే చాలు, ఖాళీ గుల్లలు. ఎప్పటివో, దుమ్ము పట్టి ఉన్నాయి. పైన చూస్తే పచ్చటి కొమ్మల మీద మేసేవాళ్లే లేరు. ఇంత ఆకు మిగిలిందంటే ఎంత చావు జరిగి ఉండాలి!

వాసన వాగు వైపు నుంచి వచ్చింది. అమ్మ ముక్కు మూసుకుని అటే నడిచింది. ఆమె అంతే, రోత ఎటుంటే అటు పోతుంది. వాగు గట్టు వెనక ఒక గుంత, దాని మీద మద్ది కొమ్మలు. కొమ్మ ఎత్తితే ఈగలు ముఖానికి కొట్టాయి. లోపల చచ్చిన పట్టుపురుగులు, చీమలు మోసుకుపోకముందే ఎవరో ఏరి పోసినవి, కుప్పలు. కుళ్లి, నల్లటి చారు అయ్యాయి. ఆ చారులో ఈగపిల్లలు మిలమిలా కదులుతున్నాయి. వాటికి తలే సరిగా ఉండదు, నోట్లో రెండు కొక్కేలుంటాయి, వాటితో గీరుకుని తాగుతాయి. ఇది రాస్తుంటే కూడా నా గొంతులో ఏదో లేస్తోంది.

వెనక అడుగుల చప్పుడు. మారయ్య మామ, చేతిలో గంప. గంప మీద ఆకులు కప్పి ఉన్నా లోపలేముందో ఈగలే చెప్తున్నాయి. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు.

"ఎన్నడి సంది అన్నా?" అడిగింది అమ్మ.

ఆయన గంప దింపాడు. "అందరికంటె ముందుగాల నాయే చచ్చినయ్ చెల్లె. నీ బిడ్డ తాడు దాటకముందే. ఒక్క నియమం తప్పలేదు నేను. ఒక్కటి గూడ. ఒక్క పొద్దు తిన్న, కింద పండుకున్న. పూజ చేసెటోని చెట్టు మీదనే చస్తే ఏమంటరు? నన్నేమంటరు?"

"అందుకని నా బిడ్డను అన్నవ్."

"ఎవరో ఒకరు తప్పిన్రనుకుంటె పానానికి జర నిమ్మళంగ ఉండె చెల్లె. ఎవ్వలు తప్పకున్నా చస్తయంటె, మరి గిదంతా ఎందుకు చేసినట్టు?"

ఆయన ఏడుస్తున్నాడు. ఇంకొకరైతే కరిగేవాళ్లేమో. మా అమ్మ ఆ గుంతను చూసింది, ఆయన ముఖం చూసింది. రెండింటినీ ఒకే చూపు చూసింది. ముందే చెప్పి ఉంటే అందరం కలిసి ఏరేవాళ్లం, నల్లి ఆయన చెట్లు దాటేదే కాదు. ఆమె పక్కకు తిరిగి ఉమ్మింది. "నువ్వే చెప్పు అందరికి. అమాసలోపల చెప్పు," అని నా చెయ్యి పట్టుకుని వచ్చేసింది.

ఊళ్లోకి వచ్చాక నేను ఆగలేకపోయాను. "నువ్వే చెప్పవచ్చు గదా! నా మీదున్న నింద పోతది, మన చెట్లు మనకుంటయ్."

"నేను చెప్తె ఏమైతది? మామ ఏం తిన్నడు, ఎవరితోని పండుకున్నడు అని మళ్ల కూసోని తవ్వుతరు. నిన్ను తవ్వినట్టె. గా రోత నా నోటితోని నేనెందుకు మొదలువెట్టాలె?"

నాకు ఆ జవాబు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు. ఒక చేట నిండా తప్పుంటే పిడికెడైనా వాళ్ల మీద పోయాలనిపించింది నాకు. ఆమెకు చేట ముట్టుకోవడమే అసహ్యం.

రోజులు గడిచాయి, మారయ్య మామ చెప్పలేదు. మా చెట్ల మీద చావు ఆగింది, మిగిలిన పురుగులు లావెక్కాయి. మిగతావాళ్ల చెట్ల మీద మాత్రం మొదలైంది. బోరింగు దగ్గర నేను బిందె పెడితే పక్కవాళ్లు బిందె జరుపుకునేవాళ్లు, నల్లి వీడియో చూపబోతే ముఖం తిప్పుకునేవాళ్లు. "మైల చేసినోళ్లయి మంచిగనే ఉన్నయ్, మనయి చస్తున్నయ్," అని రాజుబాయి నాకు వినబడేటట్టే అనేది. అమ్మకూ వినబడేది. దవడ బిగించి నీళ్లు కొట్టేది.

అమావాస్య ముందటి రోజు పొద్దున. బోరింగు దగ్గర ఆడవాళ్లంతా ఉన్నారు. అమ్మ కొడుతోంది, నేను బిందె పట్టుకున్నాను. మారయ్య మామ అంతమంది ఆడవాళ్ల మధ్యకు వచ్చి నిలబడ్డాడు. మగవాళ్లు అక్కడికి రారు. గడ్డం పెరిగింది, కళ్లు గుంతలు పడ్డాయి. ఆయన చెట్ల మీద ఎన్ని బతికున్నాయో నేను అడగలేదు, ఆ ముఖం మీదే ఉంది.

"ఉమా," అన్నాడు. "నీ కండ్లకు అవి తొందరగ దొరుకుతయట. మా చెట్ల కాడికి జర వస్తవా బిడ్డా?"

అమ్మ కొట్టడం ఆపింది. నెల తిరిగింది. ఆ రోజు నేను మళ్లీ బయట ఉన్నాను. అక్కడున్న ప్రతి ఆడదానికీ ఆ సంగతి తెలుసు. కాదని అబద్ధం చెప్పి పోవచ్చు, రేపు వస్తానని తప్పించుకోవచ్చు. రెండూ నాకు వద్దనిపించింది.

"నేనియ్యాల బయట ఉన్న మామా," అన్నాను, అందరికీ వినబడేటట్టు.

రాజుబాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మారయ్య మామ కింద పారుతున్న నీళ్లను చూశాడు.

"ఎండెక్కితె అవి ఆకుల కిందికి పోతయ్," అన్నాడు. "జర జల్ది రా."

నా కాళ్లు కదలబోయాయి. అమ్మ బోరింగు పిడి వదలకుండానే అన్నది, "ముందుగాల పోయి గా గుంత పూడ్చిరా అన్నా. గా కంపుల నా బిడ్డ అడుగు పెట్టదు."

"ఏం గుంత?" అన్నది రాజుబాయి.

అమ్మ మళ్లీ నీళ్లు కొట్టసాగింది. రాజుబాయి మొగుడి వైపు తిరిగి మళ్లీ అడిగింది, "ఏం గుంత అయ్యా?"

మారయ్య మామ పార తెచ్చుకోవడానికి ఇంటికి నడిచాడు.